చేతితుపాకుల పేళ్లు: మన వ్రాఁతలలోని తబ్బిబ్బు

గడచిన దీపావళికి రాయవరము బజారున నొక బాణసంచా యంగడికడ నిలిచి, మా మనుమనికొఱకు బొమ్మతుపాకి నొకదానిని బేరమాడుచుంటిని. "ఆ రీళ్ల రివాల్వరు వెల యెంత?" అని యడిగితిని. అంగడివాఁడు మాఱుపలుకకమున్నే పదేండ్ల మనుమఁడు నా చేయి పట్టి లాగి "తాతయ్యా, అది రివాల్వరు కాదు, పిస్తోలు. రివాల్వరుకైతే చక్రం తిరుగుతుంది. దీంట్లో రీలు పెడతారు" అనెను. నలువదేండ్లు పాఠశాలలో శబ్దార్థములు చెప్పి జీవించిన నాకు నోట మాట రాలేదు. వాఁడు చెప్పినది సరియే. ఇంటికి వచ్చి బల్లమీఁది చరిత్రగ్రంథములను, దాఁచియుంచిన పత్రికల ముక్కలను దిరుగవేసి చూచితిని. బాలుఁడు నాకు దిద్దిన తప్పు పెద్దల వ్రాఁతలలోఁ బుటపుటకును గానవచ్చినది. ఈ వ్యాసమునకుఁ బుట్టు వదియే.

పండితులకుఁ దుపాకులతోఁ బని యేమని కొంద ఱడుగవచ్చును. విల్లు, అమ్ము, అల్లెత్రాడు, అమ్ములపొది వీనికి వేర్వేఱఁ బర్యాయపదములను బాలురచే వల్లె వేయించినవారము మనమే. భీముని గదను ఖడ్గమని వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించువారమును మనమే. పురాణవీరుల యాయుధములయెడ నింత పట్టుదల కలవారము, నూఱేండ్లనాఁడు మన దేశముననే మన చరిత్రను మలుపు త్రిప్పిన యాయుధములకడకు వచ్చునప్పటికి "ఏదో యొక తుపాకి" యని చేయి విదలించుట యే న్యాయము? ఒక్కొక్కచోట నా యలసత్వము చరిత్రనే తాఱుమాఱు చేయుచున్నది. మఱి యొక్కొక్కచోట మనుష్యుల స్వేచ్ఛకే ముప్పు తెచ్చునదిగా నున్నది.

మొదట జాతివాచకము సంగతి. తుపాకి యను మాట తురుష్కభాషనుండి వచ్చినది. తమిళ కన్నడ మలయాళములందును నదియే స్వల్పభేదములతో నిలిచియున్నది. తెలంగాణమున వాడుకలోనున్న బందూకు అరబ్బీమూలము కలది. ఫిరంగి యన్నది దానిని దెచ్చిన పరదేశీయుల పేరే. ఇట్లు బారుదు తోడి యాయుధములకు మన పేళ్లన్నియుఁ బరభాషలవే యయినను, నేఁడు పల్లెలోని ముదుసలియైనను వానిని బరాయిమాట లనుకొనదు. కొందఱు సంస్కృతాభిమానులు శుక్రనీతియందలి బృహన్నాళిక, లఘునాళికలను బైకిఁ దీసి, తుపాకికి నాళిక యనియే వాడవలయు నందురు. ఆ గ్రంథమునం దట్టి యాయుధములును, సురేకారము గంధకము బొగ్గు కలిపిన యగ్నిచూర్ణమును జెప్పఁబడిన మాట నిజమే. కాని యా గ్రంథము, లేక యందలి యా భాగము, మిక్కిలి యర్వాచీనమని చెప్పు విద్వాంసులు పలువురు కలరు. పైఁగా లఘునాళిక యైదు జేనల పొడవు గలదఁట! ఒంటిచేతఁ బట్టి కాల్చు చిన్నయాయుధమున కా పేరు పెట్టుట యేనుఁగు తొడుగును జీమకుఁ దొడుగుటయే.

పొడవుతుపాకులకును, ఒంటిచేతఁ బట్టి కాల్చుటకై యేర్పడిన పొట్టితుపాకులకును భేదము ముఖ్యము. మొదటివానికి భుజమున నానించుకొను మడమ యుండును; రెండవవానికిఁ బిడి మాత్రమే. ఈ రెండవ జాతికిఁ దమిళులు కైత్తుప్పాక్కి యని చక్కని మాట కల్పించుకొన్నారు. మనము చేతితుపాకి యనినఁ జాలును. "అన్ని తుపాకులును జేతఁ బట్టునవే కదా" యని యొక మిత్రుఁ డాక్షేపించెను. అన్ని గుడ్డలును జేతఁ బట్టుకొనవచ్చును గాని చేతిరుమాలనఁగా నేమో యెల్లవారికిఁ దెలియును. రూఢి యనునది యట్లే యేర్పడును.

ఇఁక నీ చేతితుపాకులలోని భేదములు. పూర్వపు పిస్తోలు గొట్టములో మందును గుండును గూరి యొక్కసారి కాల్చునది. మరల కాల్పవలెనన్న మరల కూరవలసినదే. 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ పేటెంటు పొందిన యాయుధమునందు గొట్టమునకు వెనుక నొక దిమ్మె, దానిలో వరుసగా నఱలు, ఒక్కొక్క యఱలో నొక్కొక్క దెబ్బకుఁ జాలు మందుగుండు. గుఱ్ఱము నెత్తినప్పుడెల్ల దిమ్మె యొక యఱ మేర తిరిగి క్రొత్తయఱ గొట్టమున కెదురుగా వచ్చి నిలుచును. ఈ తిరుగుటచేతనే దానికి రివాల్వరను పేరు. 1857లో స్మిత్ వెస్సనువారు లోహపుఁ దూటా పట్టు రివాల్వరును విడుదల చేసిరి. ఆ మీఁద 1890 దశకమున మఱియొక జాతి పుట్టినది: 1893 నాఁటి బోర్ఖార్టు, 1896 నాఁటి మౌజరు, తరువాత బ్రౌనింగు కల్పించినవి. వీనిలోఁ దిరుగు దిమ్మె లేదు. తూటాలు బెత్తెడు పెట్టెలో నొకదానిమీఁద నొకటి యుండును. ఒక తూటా కాలినప్పుడు పుట్టిన వెనుకతాపే ఖాళీతొడుగును వెలికిఁ జిమ్మి, క్రొత్తతూటాను గొట్టములోని కెక్కించి, గుఱ్ఱమును సిద్ధముచేయును. కాల్చువాఁడు మరల మీట నొక్కుటయే తరువాయి.

ఆ పెట్టెకు మేగజీనని పేరు. ఆ మాటకు మూలము నిలువయిల్లని యర్థమిచ్చు అరబ్బీపదము. మనమిప్పుడు చదువుచున్నటువంటి పత్రికకును ఇంగ్లీషువా రా పేరే పెట్టిరి. రెంటిలో నేది యెక్కువ ప్రేలునో సంపాదకులే చెప్పవలయును.

ఇచట నొక సూక్ష్మము కలదు. రివాల్వరును బిస్తోలనుట తప్పా? బ్రిటిషు సైన్యపుఁ బట్టీలలోఁ బిస్తోలు రివాల్వరు రెండవ సంఖ్య యని రెండు మాటలును గలిపిన పేళ్లు కలవు. వారి దృష్టిలోఁ బిస్తోలు జాతి, రివాల్వరు దానిలో నొక భేదము. అమెరికా శాసనములలో నట్లు గాక, గొట్టముతో నఱ యేకమైనది పిస్తోలు, తిరుగు దిమ్మెలో నఱలు కలది రివాల్వరు అని రెంటిని విడఁదీసిరి. కావున నీ విషయమునఁ గఠినశిక్ష విధించుట తగదు. కందమును బద్యమనినవాఁడు తప్పు చేయలేదు. పట్టుగాఁ జెప్పలేదు, అంతే. సీసమును గందమనినవాఁడు మాత్రము తప్పే చేసినాఁడు. అట్లే రివాల్వరును బిస్తోలనుట క్షమింపఁదగిన యలసత్వము. దిమ్మెలేని పిస్తోలును రివాల్వరనుట స్పష్టమైన దోషము. నేను చూచిన తెలుఁగు వ్రాఁతలలో నీ రెండవదియే పెచ్చు. 1901 ప్రాంతమున వచ్చిన వెబ్లీ ఫాస్బరీ యను నొక వింతయాయుధము దిమ్మె కలిగియు వెనుకతాపుచేఁ దనంతట సిద్ధమగునది. అది నరసింహావతారము వంటిది. దానినిఁ బట్టి జాతిలక్షణమును మార్చుకొన నక్కఱలేదు.

ఇప్పుడు చరిత్రకు వత్తము. 1914 ఆగస్టు 26వ తేదీని కలకత్తాలో రొడ్డా కంపెనీ సరకునుండి విప్లవకారులు 50 మౌజరు పిస్తోళ్లను, 46,000 తూటాలను అపహరించిరి. నా బల్లమీఁది గ్రంథములలో నొకదాని యందు వీనికి మౌజరు రివాల్వర్లని పేరు. మఱియొకదానియందు మౌజరు తుపాకులని. మొదటిది దోషము. రెండవది యింకను మోసకరము, ఏలయన మౌజరువారు సైనికుల పొడవుతుపాకులకును బ్రసిద్ధులు. ఏఁబది పొడవుతుపాకుల నెత్తుకొనిపోయి యూరూరఁ బంచుట యెట్లు సాధ్యమని చదువరి విస్తుపోవును. సంగతి యేమనఁగా నా పిస్తోలునకుఁ గొయ్యపెట్టె యొరగా నుండి, యవసరమైనప్పుడు పిడికిఁ దగిలించుకొన్న భుజమున నానించు మడమగాఁ బనిచేయును. దాఁచుకొనునప్పుడు చేతితుపాకి, కాల్చునప్పుడు పొడవుతుపాకి. అంగరకాల మడతలలో నింత శక్తి యిమిడియుండుటయే యానాఁటి పోలీసుల నిద్ర చెఱచినది. పేరు చెడిన నా రహస్యమంతయు నావిరియైపోవును.

1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సును గాల్చిన భగత్ సింగు చేతియాయుధము .32 అంగుళపుఁ గోల్టు ఆటోమేటిక్ పిస్తోలు. అది 2016, 17 సంవత్సరములలో ఇందూరునందలి సరిహద్దు భద్రతాదళపుఁ బ్రదర్శనశాలలో, పైపూఁత చెఱిపి చూడఁగా బయటఁబడిన సంఖ్యనుబట్టి గుర్తింపఁబడి, పిదప పంజాబునందలి హుస్సేనీవాలాకుఁ జేర్పఁబడినది. పాతపత్రములలో దాని జాతియు సంఖ్యయు సరిగా నుండఁబట్టి కదా యది దొరకినది! "భగత్ సింగు రివాల్వరు" అని వ్రాయు మన పుస్తకము నొకదానినే యాధారముగాఁ గొని వెదకినవాఁ డా యరను దాఁటి ప్రక్కయరకుఁ బోయియుండును.

అలహాబాదు పార్కులో 1931 ఫిబ్రవరి 27న నేలకొరిగిన చంద్రశేఖర ఆజాదు పిస్తోలు కోల్టువారి 1903 నాఁటి నమూనా. ఇప్పుడు ఆ పట్టణపు మ్యూజియములోఁ గలదు. దానిని గుఱ్ఱములేని పిస్తోలని తయారీదారులే పిలిచిరి. నిజమునకు గుఱ్ఱము లోపల దాఁగియుండును. బైటికిఁ గానరాదు, బొటనవ్రేలి కందదు. మన రచయిత యొకఁడు ఆజాదుచేత "గుఱ్ఱమును బొటనవ్రేల నెత్తి"ంచినాఁడు. రసావేశమునఁ గలిగిన స్ఖాలిత్యమని విడువవచ్చును గాని, బాలుర వాచకమున నుండుట బాధాకరము. 1948 జనవరి 30న మహాత్ముని పొట్టనఁ బెట్టుకొన్నది ఇటలీలోఁ జేసిన బెరెట్టా పిస్తోలు, 1934 నాఁటి నమూనా. దానికి దిమ్మె లేదు. ఏడు తూటాల పెట్టె. గోడ్సే కాల్చినవి మూఁడు. దీనినిఁ గూడ రివాల్వరని వ్రాసిన పుటలు నా యొద్ద రెండున్నవి.

ఇందేమి మునిఁగినదని మరల ప్రశ్న రావచ్చును. మునిఁగినది సాక్ష్యము. రివాల్వరు కాలినపిమ్మట ఖాళీతొడుగులు దిమ్మెలోనే యుండును. కాల్చువాఁడు తెఱచి దులిపినఁగాని క్రిందఁ బడవు. పిస్తోలు ప్రతిదెబ్బకు నొక తొడుగును బ్రక్కకుఁ జిమ్మును. "రివాల్వరుతోఁ గాల్చి పాఱిపోయెను, నేలమీఁద మూఁడు తొడుగులు దొరకినవి" యని వ్రాసిన వాంగ్మూలములోఁ గాల్చినవాఁడు నిలిచి దిమ్మె తెఱచెనని చెప్పవలయును, లేదా యాయుధము రివాల్వరు కాదని యొప్పుకొనవలయును. తెలుఁగునఁ జెప్పిన సాక్షి "తుపాకి" యనును. వ్రాసికొనువాఁడు తనకుఁ దోఁచిన మాటను బెట్టును. నెలలు గడచినపిదప న్యాయవాది యా మాటనే పట్టుకొని సాక్షిని అబద్ధీకుని జేయును. సాక్షి యెఱుఁగని మాటకు సాక్షి యుత్తరవాదియగుట యన్యాయము. చూచినదానిని జూచినట్లు, "పొట్టిది, నడుమ గుండ్రని దిమ్మె కలది" యనియో, "బల్లపరుపుది, దిమ్మె లేనిది" యనియో వ్రాసిన నీ చిక్కు లేదు. సంజ్ఞ తెలియనిచోట లక్షణము చెప్పుట శాస్త్రమర్యాదయే కదా.

తూటా, గుండు అను జంట గూర్చియు నొకమాట. తూటా యనఁగాఁ దొడుగు, మందు, గుండు, అడుగున రగుల్చు మందుబిళ్ల, యన్నియుఁ గలసినది. గొట్టమునుండి వెడలి దేహమునఁ దగులునది గుండు మాత్రమే. "ఱొమ్మున మూఁడు తూటాలు దిగినవి" యని యనుదినము చదువుచున్నాము. తొడుగుతోసహా దిగినచో నది కాల్చుట గాదు, పొడుచుట. 1928లో మదరాసునఁ బ్రకాశము పంతులుగారు తుపాకిగుండునకు ఱొమ్మొడ్డిరని జనులు చెప్పుకొనుమాటలో నొక యక్షరము మార్చ నక్కఱలేదు. అచట తుపాకి యన్న జాతిపేరు చాలును, గుండు సరియైన చోటనే యున్నది. పామరవ్యవహారము పండితవ్యవహారముకంటె మేలైన తావులలో నిది యొకటి.

అన్నిటికంటెఁ బ్రమాదకరమైన మాట ఆటోమేటిక్. పూర్వకాలమున నీ మాట తనంతట తూటా నెక్కించుకొను పిస్తోళ్లన్నిటికిని జెల్లినది. నేఁడు శాసనభాషలో దాని యర్థము వేఱు. 1959 నాఁటి ఆయుధముల చట్టము నిషిద్ధాయుధమునకుఁ జెప్పిన లక్షణము, మీటనుండి వ్రేలు తీయువఱకో, పెట్టె ఖాళీయగువఱకో తెంపులేక కాలుచుండుట. ఒక్క నొక్కునకు నొక్కదెబ్బ కాలు పిస్తోలు దీనిలోఁ జేరదు. .32 అంగుళపు పిస్తోలును లైసెన్సు పొందిన పౌరుఁడు కలిగియుండవచ్చును. నిషిద్ధాయుధమును లైసెన్సులేక కలిగియున్నవానికో, 2019 సవరణము పిమ్మట, ఏడేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకుఁ గారాగారము. ఇంత యంతరమున్నచోఁ దెలుఁగుపత్రిక సామాన్యపుఁ బిస్తోలును "ఆటోమేటిక్ తుపాకి" యని పెద్దయక్షరములతో వేయుట, దానినే "స్వయంచాలక మారణాయుధ" మని యనువదించుట, విచారణకు ముందే శిక్ష విధించుటయే. 1929 నాఁటి పత్రములను దెలిఁగించువారును జాగరూకులు కావలయును. ఆ కాలపు ఆటోమేటిక్ పిస్తోలు గుండ్లవాన గురియునది గాదు.

దీనికిఁ దెలుఁగున నర్ధస్వయంచాలకమను మాటను బత్రికలవారు పుట్టించిరి. సగము తనంతట నడచుట యెట్లో నాకు బోధపడలేదు. స్వయంపూరక మనినచోఁ దనంతట నింపుకొనునదని యర్థము సూటిగా వచ్చును. శాస్త్రగ్రంథములకు నా మాటను సూచించుచున్నాను. కథలలోఁ బిస్తోలన్నఁ జాలును. రివాల్వరునకుఁ బరిభ్రామి, చక్రనాళిక వంటి పేళ్లు పెట్టు శ్రమ వలదు. తుపాకిని జీర్ణించుకొన్న భాష రివాల్వరును జీర్ణించుకొనలేదా? అపరాధపరిశోధన నవలలవారికిఁ జిన్న విన్నపము: మీ నాయకుఁడు రివాల్వరునకు సేఫ్టీ తీయుట మానవలయును, సామాన్యముగా దానికట్టి కీలుండదు. శబ్దము రాకుండఁ దొడుగు తొడుగుటయు వ్యర్థమే. దిమ్మెకును గొట్టమునకును నడుమనున్న సందునుండి చప్పుడు వెలువడును. 1895 నాఁటి రుష్యా నాగాంటు దిమ్మె ముందుకు జరిగి యా సందును మూయునది గనుక దానికి మినహాయింపు.

అంకెలకడ మన పత్రికలు చేయు నపచార మింకొకటి. .32 అను సంఖ్యలోని చుక్కను విడిచి 32 ఎంఎం అని వేయుదురు. అది అంగుళములో నూటికి ముప్పదిరెండు పాళ్లు, అనఁగా సుమారు 8 మిల్లీమీటర్లు. 32 మిల్లీమీటర్ల గొట్టమనఁగా నంగుళమునకుఁ బైమాట. అట్టిదానిని నడుమునఁ జెక్కుకొని తిరుగు దొంగను భీమసేనుఁడే పట్టుకొనవలయును. అరసున్నకై తరములు పోరాడిన మనకు చుక్క విలువ యొకరు చెప్పవలెనా?

నాటుతుపాకి యను మాటపై నాకుఁ గల యభ్యంతరము వేఱుజాతిది. మన్యపు వేఁటగాండ్రయొద్ద నుండు బర్మారు నోటినుండి మందుగూరు పొడవుతుపాకి. పట్టణపుఁ దుండగుల నడుమున దొరకు తపంచా యొక్కదెబ్బకుఁ బనికివచ్చు పొట్టియాయుధము. రెండును లైసెన్సులేనివే కావచ్చును. కాని పందిని దఱుముటకుఁ గొండవాఁడు గోడకు వ్రేలాడఁదీసిన దొకటి, మనుష్యుని జంపుటకుఁ జొక్కాక్రింద దాఁచిన దొకటి. రెంటికి నొక్కటే పేరు పెట్టి పత్రిక ప్రకటించినపుడు గోదావరి దిగువనున్న మా రాయవరపుఁ జదువరి కిద్దఱు నొక్కటే హంతకులుగాఁ గన్పట్టుదురు. బర్మారు, తపంచా అను రెండు మాటలు సిద్ధముగా నుండఁగా నాటు అను ముసుఁగు కప్పుట యేల?

ఆ మన్యమునుండియే మఱియొక యుదాహరణము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై వరుసగా దాడిచేసి గైకొన్నవి 26 కార్బైనులు, సుమారు 2,500 తూటాలు అని చరిత్రకారులు వ్రాయుదురు. కార్బైను గుఱ్ఱపుదళమువారికై గొట్టము కుఱుచచేసిన పొడవుతుపాకి. భుజమున నానించి రెండుచేతులఁ గాల్చునది. కుఱుచ యన్న మాటను బట్టి యొక యనువాదకుఁడు దీనిని చేతితుపాకి యని తెలిఁగించెను. దట్టపుటడవిలో, కొండమలుపులయందు, సైనికుల నాపగలిగిన దళము చేతితుపాకులతోఁ బోరాడెనని చదివినవాఁడు రాజుగారి యుద్ధనీతిని దప్పుగా గ్రహించును. ఒక్కమాటతో నా వీరుల చేతిలోని బలము తగ్గిపోయినది.

ఇటీవల ప్రభుత్వపుఁ గర్మాగారములవారు పేళ్లు పెట్టుటలో మనకంటె మేలుగా నున్నారు. ఇషాపురపుఁ బిస్తోలు పేరు అశని. అశనిపాత మెఱిఁగిన తెలుఁగువానికి వ్యాఖ్యానము వలదు. 2014లోఁ గాన్పూరునఁ దయారైన యర్ధకిలో తూఁగు రివాల్వరు నిర్భీక్, ఢిల్లీలో 2012లో దౌర్జన్యమునకు గురియై మరణించిన యువతిని స్మరించి పెట్టిన పేరు. ఇఁక 2021లో వెల్లడియైన అస్మి సంగతి. తొమ్మిది మిల్లీమీటర్ల ఈ యాయుధమును 2024లో 550 సంఖ్యకు సైన్యము హైదరాబాదునందలి లోకేష్ మెషీన్సువారియొద్దఁ గొన్నది. దీనిని మెషీను పిస్తోలందురు. తెంపులేక కాలును గనుకఁ బైఁ జెప్పిన స్వయంపూరకములలోఁ జేరదు. మడచుటకు వీలైన మడమ యున్నందున శుద్ధమైన చేతితుపాకియుఁ గాదు. మన పత్రికలలో మరతుపాకి యను మాట కాళ్లపై నిలిపి కాల్చు పెద్దదానికిఁ జిరకాలముగా రూఢమైనది. మరపిస్తోలనవచ్చునా? మర యను నుపపదము పిస్తోలుతోఁ జేరునపుడు తెంపులేమి యను నర్థము స్ఫురించునా, లేక యంత్రమునఁ జేసినదను నర్థమే స్ఫురించునా? నా మనుమఁడు మరపిస్తోలే బాగున్నదనెను. పండితులు తమ యభిప్రాయములను బత్రికకు వ్రాయఁ బ్రార్థించుచున్నాను.